వద్దంటే వడ్డించరు

ఢిల్లీ హాట్‌లో పొద్దంతా నిలబడి, వచ్చినవాళ్లందరితో వచ్చీరాని హిందీలో బేరమాడి, బట్టను తిరగేసి రెండు వైపులా ఒకే డిజైను చూపించి, ఇది ప్రింటు కాదు ఇక్కత్ అని ఒప్పించి చీర అమ్మే మనిషి ఉంటాడు. తిరుగు ప్రయాణంలో విమానం ముందు వరుసలో కూర్చుంటే అదే మనిషి రెండో కప్పు చాయ్ అడగలేడు. దాహమైతే ఓర్చుకుంటాడు. పక్క సీటాయన రొట్టెకు వెన్న ఎట్లా రాస్తున్నాడో ఓరకంట చూస్తాడు. శంషాబాద్‌లో దిగి, ఔటర్ దాటాక హోటల్ దగ్గర కారు ఆపించి కడుపు నింపుకుంటాడు. ఇంటికొచ్చి, "అన్ని పైసలు పెడితే గింతేనా పెట్టేది" అంటాడు.

ఈ అధ్యాయం ఆయన కోసం. అట్లాంటివాళ్లు పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఊళ్లలో ఇప్పుడు తక్కువేం లేరు. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే కాలినడకన వచ్చిన ఊరు పోచంపల్లి. ఇవ్వాళ అక్కడినుంచి ఎగ్జిబిషన్లకనీ, పెద్ద షోరూముల ఆర్డర్లకనీ, అమెరికాలో కొడుకు ఇల్లు కొన్నాడనీ విమానం ఎక్కడం మామూలు సంగతి. ఎకానమీలో ఎట్లా మసలుకోవాలో చాలామందికి తెలిసిపోయింది. అక్కడ చాలా విమానాల్లో ఇడ్లీకైనా నూడుల్స్‌కైనా డబ్బు కట్టాలి, లేదా ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా విప్పుకోవాలి. లెక్క తేటగా ఉంటుంది. చిక్కొచ్చేది నిర్వాహకులు ముందు క్యాబిన్ టికెట్ తీసిచ్చినప్పుడో, పాయింట్లు కూడి అప్‌గ్రేడ్ వచ్చినప్పుడో, "ఒక్కసారన్న బాపును దర్జాగ తీస్కపోదాం" అని బిడ్డ ముచ్చటపడ్డప్పుడో. అప్పుడు ఏం ఆశించాలో తెలియదు, ఎంత అడగొచ్చో అసలే తెలియదు.

టికెట్ డబ్బులో అన్నం వాటా

మనం ఫస్ట్ క్లాస్ అంటుంటాం గానీ, మన దేశం లోపల తిరిగే విమానాల్లో ఇప్పుడు ఆ పేరుతో క్యాబిన్ దాదాపు లేదు. బిజినెస్ క్లాసే పై మెట్టు. మామూలు ఎయిర్‌బస్‌లో తెరకు అవతల 8 సీట్లో 12 సీట్లో ఉంటాయి, అంతే. ఒకప్పుడు కింగ్‌ఫిషర్ వాళ్లు ముందు క్యాబిన్‌కు ఫస్ట్ అనే పేరు పెట్టుకున్నారు. 2005లో ఎగరడం మొదలుపెట్టిన ఆ సంస్థ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో నేలమీద నిలిచిపోయింది. 2015లో వచ్చిన విస్తారా 2024 నవంబర్ 12న ఎయిరిండియాలో కలిసింది. సంస్థలు పోయినా వాటి భోజనాల కథలు మాత్రం పోలేదు. "మా బావ పోయినప్పుడు ఎన్ని రకాలు పెట్టిన్రో" అంటూ పెళ్లిళ్లలో ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. ఆ కథలు విని ఎక్కినవాడికి ఏ ట్రే అయినా చిన్నదిగానే కనిపిస్తుంది.

ఇప్పుడు బిజినెస్ సీటు అంటే ముందుగా చూసేది ఎయిరిండియానే. ఇండిగో 2024 నవంబర్‌లో ఢిల్లీ, ముంబైల మధ్య స్ట్రెచ్ పేరుతో వెడల్పు సీట్లు మొదలుపెట్టి, ఇతర పెద్ద నగరాలకు పెంచుతూ వచ్చింది. మొదలుపెట్టినప్పుడు ఆ సీటుతో ఇచ్చింది ఒబెరాయ్ కిచెన్ నుంచి వచ్చే శాకాహార బాక్సు. కోడికూర కోసం చూసేవాళ్లు టికెట్ కొనేముందే ఈ సంగతి కనుక్కోవాలి. రెండు సంస్థల ముందు క్యాబిన్లలో వడ్డన ఒకే తీరుగా ఉంటుందని అనుకోవద్దు.

ఇక డబ్బు. ముందు క్యాబిన్ టికెట్ చాలాసార్లు ఎకానమీకి రెండు మూడు రెట్లుంటుంది. దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతమైతే, పై తరగతుల మీద 18 శాతం. ఇంత కట్టినవాడు ఆ లెక్కంతా భోజనంలోనే తేలాలని చూస్తాడు. అక్కడే పొరపాటు. మీరు కొన్నది వెడల్పు సీటు, కాళ్లు చాపుకునే జాగా, వేరే క్యూ, ఎక్కువ సామాను, చాలా టికెట్లతో వచ్చే లాంజ్. అందులో అన్నం ఖర్చు చిన్న ముక్క.

తినడం మీదే మనసుంటే విమానంలో కన్నా ముందే, లాంజ్‌లోనే తినాలి. అక్కడ ఇడ్లీ వేడివేడిగా ఉంటుంది, కొన్నిచోట్ల దోశ అప్పటికప్పుడు పోసిస్తారు, పళ్లెం మీ చేతిలోనే ఉంటుంది, రెండోసారి పెట్టుకుంటే అడిగేవాడు లేడు. మీ టికెట్‌కు లాంజ్ ఉందో లేదో ముందే చూసుకోండి, కొన్ని రకాల సీట్లకు రాదు. ఉంటే బోర్డింగ్‌కు గంటన్నర ముందు అక్కడుండేటట్టు ఇంట్లో బయలుదేరండి. చాలామంది లాంజ్ ముందునుంచే నడిచిపోయి గేటు దగ్గర కుర్చీలో కునుకుతారు. నన్నడిగితే టికెట్ డబ్బు వృథా అయ్యేది అక్కడ.

విమానంలో ఏమొస్తుందన్నది మీరు కట్టిన డబ్బుకన్నా గడియారాన్ని బట్టి ఉంటుంది. పొద్దున్నే అయితే టిఫిన్: ఆమ్లెట్, లేదా ఇడ్లీ, ఉప్మా, ఊతప్పంలాంటిది. పన్నెండు నుంచి రెండు దాకా భోజనం. మూడు, ఐదున్నర నడుమ ఎక్కితే భోజనం ఆశించొద్దు, సమోసా, శాండ్‌విచ్, కేకు ముక్క, చాయ్. ఏడు దాటాక మళ్లీ భోజనం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ రెండుంబావు గంటల దారి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బెల్టు దీపం వెలిగే సమయం తీసేస్తే సిబ్బందికి మిగిలేది గంటన్నర. బెంగళూరు గంట పైచిలుకే, వడ్డించి ఎత్తెయ్యడానికి వాళ్లకు అరగంట దొరికితే గొప్ప. అందుకే చిన్న దారిలో అన్నీ ఒకేసారి ఒకే ట్రేలో వస్తాయి. సినిమాలో చూసినట్టు ముందు సూపు, తర్వాత ఇంకోటి, ఆఖరికి ఐస్‌క్రీమ్ అని వరుస పెట్టరు.

ట్రే ఎట్లా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ముందు సీటు వెనక బల్ల కోసం వెతకొద్దు, ముందు క్యాబిన్‌లో అది చాలావరకు మీ చేతి ఆనుగడ లోపలే మడిచి ఉంటుంది. మూత ఎత్తి, బల్లను పైకి లాగి, విప్పి మీ మీదికి వంచుకోవాలి. చేతకాకపోతే ఆగండి, వాళ్లే విప్పుతారు. దానిమీద తెల్లగుడ్డ పరుస్తారు. మధ్యలో పింగాణీ గిన్నె, అందులో కూరా అన్నమూ పక్కపక్కన. గిన్నె ఓవెన్‌లోంచి వచ్చింది గనుక అంచు కాలుతుంది, పట్టుకోవద్దు. ఎడమ పక్క కీరా, టమాటా ముక్కలతో చిన్న కప్పు. చిన్న బన్ను. దానికి పక్కనే రాయిలాగా గడ్డకట్టిన వెన్న బిళ్ల. దాన్ని వేడి గిన్నె పక్కకు రెండు నిమిషాలు జరిపి పెడితే మెత్తబడుతుంది, బలవంతంగా రాస్తే బన్ను చినుగుతుంది. పెరుగు, ఒక తీపి, వేలెడంత ఉప్పు, మిరియాల సీసాలు, గుడ్డలో చుట్టిన స్టీలు చెంచాలు. అన్నం మొత్తం కలిపితే మన ఇంట్లో మొదటి వాయికి పెట్టుకునేంత. పొద్దంతా మగ్గం మీద కూర్చునేవాడికి అది సగం కడుపు. ఇది తెలిసి ఎక్కితే కోపం రాదు.

చేత్తో తినొచ్చా అని చాలామంది లోలోపల అడుగుతారు. తినొచ్చు. పులావో, పప్పన్నమో చెంచాతో తంటాలు పడే బదులు కుడిచేత్తో శుభ్రంగా తినడమే మర్యాదగా ఉంటుందని నా అభిప్రాయం. ట్రే రాకముందు ఇచ్చే తడి టవల్‌ను పారెయ్యకుండా పక్కన పెట్టుకోండి, లేదా ముందే లేచి బాత్రూంలో చెయ్యి కడుక్కొని రండి. ట్రే వచ్చాక లేవలేరు, బల్ల అడ్డం.

ఒక్కసారే అడుగుతారు

మన ఇళ్లల్లో వడ్డనకు ఒక రివాజు ఉంది. చుట్టం మొదటిసారి "చాలు, చాలు" అనాలి, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. ఇల్లాలు ఆ చెయ్యి కిందినుంచే ఇంకో గరిటె వెయ్యాలి. రెండోసారీ వద్దనాలి, రెండోసారీ వెయ్యాలి. అడిగి పెట్టించుకుంటే ఆబగాడంటారు. వద్దనగానే ఊరుకున్న ఇల్లాలిని పిసినారి అంటారు. ఈ ఆట ఇద్దరికీ తెలుసు గనుక ఎవరూ ఆకలితో లేవరు. విమానంలో ట్రే పట్టుకున్న అమ్మాయికి ఈ ఆట నేర్పలేదు. ప్రయాణికుడు వద్దంటే మళ్లీ అడగొద్దనీ, అట్లా అడగడం విసిగించడమనీ నేర్పారు. మీరు మొహమాటానికి అన్న మొదటి మాటనే ఆమె మీ నిర్ణయంగా తీసుకుంటుంది. పోచంపల్లి మనిషి ముందు సీట్లో ఆకలితో ఉండిపోవడానికి నాకు కనిపించే ప్రధాన కారణం ఇదే. వాళ్లు తక్కువ పెట్టడం రెండోది.

ఒక మామనూ అల్లుణ్నీ ఊహించుకోండి. శనివారం పొద్దున ఆరింటి ఢిల్లీ విమానం. రాత్రి రెండున్నరకు ఇల్లు కదిలారు, కడుపులో చుక్క చాయ్ లేదు. కూర్చోగానే చిన్న గ్లాసులతో పళ్లెం వచ్చింది: నీళ్లు, నిమ్మరసం, పండ్ల రసం. మామ చెయ్యి అడ్డం ఊపాడు.

"తీసుకో మామా, దానికి పైసలడగరు."

"వద్దు అల్లుడా, మల్ల టిఫిన్ తెస్తరు గద."

పళ్లెం వెనక్కి పోయింది, మళ్లీ రాలేదు. విమానం పైకి లేచాక ఆమె వచ్చి వెజ్జా, నాన్‌వెజ్జా అని హిందీలో అడిగింది. మామ నవ్వి, "ఏదైనా సరే" అన్నాడు. చుట్టరికంలో అది పెద్దమనిషి జవాబు. ఆమెకు అది జవాబే కాదు, అయినా ఎదురు ప్రశ్న వెయ్యకుండా ఆమ్లెట్ పెట్టింది. శనివారం మామ గుడ్డు ముట్టడు. ఆమ్లెట్‌ను పక్కకు నెట్టి బన్ను తిన్నాడు, పండ్ల ముక్కలు తిన్నాడు. చాయ్ కావాలా అంటే ఒక కప్పు తాగాడు. అవతల ట్రాలీలో ఇడ్లీ ఉందో లేదో అడగలేదు. అడిగితే ఏమనుకుంటారో! అల్లుడు తన ఇడ్లీ గిన్నె ఇవ్వబోతే, "నువ్వు తిను, నాకు ఆకలి లేదు" అన్నాడు. ఢిల్లీలో దిగేసరికి ఎనిమిదిన్నర, తల తిరుగుతున్నది.

ఇందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆకలితో దిగింది మాత్రం మామ. ఆయన నేర్చుకోవాల్సింది రెండు మూడు మాటలే. మొదటిది, ఏదైనా సరే అనే మాట మానెయ్యడం. వెజ్ అయితే వెజ్ అనండి. వెజ్‌లో ఏముందో తెలియకపోతే "క్యా క్యా హై?" అని అడగండి, వాళ్లు గిన్నెలోది చెప్తారు. హిందీ రాకపోతే తెలుగులోనే అడగండి, హైదరాబాద్ విమానాల్లో తెలుగు వచ్చినవాళ్లు ఒకరన్నా ఉండే వీలుంది. రెండోది, తొందర లేకుండా జవాబివ్వడం: "దో మినిట్, దేఖ్‌కే బోల్తా." మెనూ కార్డు చేతికిచ్చారంటేనే చూసుకోమని అర్థం. మూడోది కష్టమైనది, మళ్లీ అడగడం. రెండో చాయ్, ఇంకో బన్ను, ఇంకో గ్లాసు రసం, నీళ్లు, వీటికి ఎవరూ ఏమీ అనుకోరు. రెండో భోజనం వేరు. కూర గిన్నెలు సీట్ల లెక్కకు కొద్దిగా అటూఇటూగానే ఎక్కిస్తారు. ఉంటే ఇస్తారు, లేదంటే లేదు, మీరు నొచ్చుకోవద్దు. గిన్నెలు లెక్కకే ఉంటాయి గనుక ఆఖరున అడిగించుకున్నవారికి మిగిలిందే వస్తుంది. ఫలానాదే కావాలనుకుంటే ఎక్కగానే నీళ్లు తెచ్చిన మనిషితోనే చెప్పి పెట్టండి.

ఎయిరిండియా తన సిబ్బంది కోసం పోచంపల్లి పట్టు చీరలను ఎంచుకున్న రోజులున్నాయి. మన మగ్గం మీద దిగిన చీర కట్టుకున్న మనిషి మనకు వడ్డిస్తుంటే మన చేతులు ఒళ్లో ముడుచుకుపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. బట్ట అమ్మే చోట మనం యజమానులం గనుక నోరు లేస్తుంది. సీట్లో కూర్చోగానే చుట్టాలమైపోతాం. అక్కడ మీరు డబ్బిచ్చిన ఖాతాదారు, అంతకు తక్కువా కాదు ఎక్కువా కాదు. ఎక్కువ కాదని ఎందుకంటున్నానంటే, ఇంకో రకం మనుషులు కూడా ఉన్నారు. చిటికెలేసి పిలవడం, "ఏయ్" అనడం, ట్రే ఆలస్యమైతే టికెట్ ధర వినిపించడం. వాళ్లకు రెండో చాయ్ వస్తుంది గానీ చల్లారి వస్తుంది.

మందు సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం, ఎందుకంటే మగవాళ్లు నోరు తెరిచి అడిగే మొదటి ప్రశ్న అదే. మన దేశం లోపలి విమానాల్లో ఏ తరగతిలోనూ మద్యం పొయ్యరు. బయటినుంచి తెచ్చుకున్నది లోపల తాగనివ్వరు. ఎవరన్నా తాగామని చెప్తే అది విదేశీ ప్రయాణం అయ్యుండాలి, లేదా కోత.

పైకి పోయాక నాలుక

"ఉప్పు లేదు, కారం లేదు, సప్పగుంది." ముందు సీటైనా వెనక సీటైనా ఈ మాట తప్పదు. వంటవాణ్ని తిట్టేముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నంత ఉంటుంది, గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు. ముక్కు ఎండిపోతుంది. వాసన తగ్గితే రుచి తగ్గుతుంది, జలుబు చేసినరోజు పచ్చిపులుసు తిన్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. లుఫ్తాన్సా సంస్థ కోరితే జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థవాళ్లు నేలమీదే విమానం క్యాబిన్ వాతావరణం తయారుచేసి జనానికి తినిపించి చూశారు. ఉప్పు, తీపి నాలుకకు బాగా తగ్గి తెలిశాయి. పులుపు అంతగా తగ్గలేదు. విమానంలో టమాటా రసం అంతమంది ఎందుకడుగుతారన్నది వాళ్లకు అక్కడే తేలింది. నేలమీద పచ్చివాసనగా అనిపించినది పైన కమ్మగా ఉందట.

రెండో సంగతి, ఆ వంట పొద్దున మీరు లేవకముందే అయిపోయింది. ఎయిర్‌పోర్టు పక్క కిచెన్‌లో వండి, వెంటనే గడ్డకట్టే దగ్గరిదాకా చల్లార్చి, పెట్టెల్లో సర్ది విమానం ఎక్కిస్తారు. పైన జరిగేది వండడం కాదు, వేడిగాలి ఓవెన్‌లో మళ్లీ వేడిచెయ్యడం. ఈ రెండూ తెలిస్తే ఏది ఎంచుకోవాలో మీకే తెలుస్తుంది. రసముండే కూర మేలు: పప్పు, పనీర్ మసాలా, టమాటాతో చేసినది, పులుపు ఉన్నది. వేపుళ్లు మెత్తబడిపోతాయి. ఆమ్లెట్ సాగుతుంది. ఇడ్లీ అంచులు ఎండుతాయి గనుక సాంబారులో ముంచి కాసేపు వదిలెయ్యండి, ఉప్మా నయం. అన్నం పైపొర గట్టిగా ఉంటే దాన్ని కలపకుండా పక్కకు నెట్టి కింది అన్నం తినండి. శనగలు, రాజ్మా, సోడా డ్రింకులు కడుపు ఉబ్బరం ఉన్నవాళ్లకు మంచివి కావు. ఒత్తిడి తగ్గిన చోట కడుపులోని గాలి కూడా పొంగుతుంది.

చాయ్ మీద ఆశలు పెట్టుకోవద్దు. ఆ ఒత్తిడిలో నీళ్లు వంద డిగ్రీల దాకా పోకముందే మరుగుతాయి. పైగా ఇచ్చేది వేడినీళ్లు, ఆకు పొట్లం, పాలపొడి. పొట్లాన్ని ఐదు నిమిషాలు నాననిచ్చి గట్టిగా పిండుకుంటే చాయ్ రంగన్నా వస్తుంది.

కుడుకలు, ఒక్కపొద్దులు, ఆలస్యాలు

సప్పగా ఉంటుందని తెలిసినవాళ్లు కారప్పొడి పొట్లం కట్టుకుంటారు. చేతి సంచిలో పెట్టుకోవద్దు, కారప్పొడినీ మిరప పచ్చళ్లనూ భద్రతా తనిఖీ దగ్గర ఆపేస్తారు. పచ్చడి సీసా గట్టిగా మూసి, కవర్లో చుట్టి, పెద్ద పెట్టెలో పంపండి. కుడుకల సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే మన దగ్గర ఒడిబియ్యానికైనా పెళ్లికైనా కుడుకలు లేకుండా పోలేం. నూనె ఎక్కువగా ఉండే ఎండు కొబ్బరికి తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని దాన్ని ప్రమాదకర సరుకుల జాబితాలో పెట్టారు. చేతి సంచిలోనూ వద్దు, పెద్ద పెట్టెలోనూ వద్దు. ఢిల్లీలోనో ముంబైలోనో దిగాక అక్కడే కొనుక్కోండి. లేకుంటే చెల్లె ఒడిబియ్యం కోసం తీసుకుపోయినవి శంషాబాద్ తనిఖీ బల్ల మీదే ఉండిపోతాయి.

సకినాలు, సర్వపిండి ముక్కలు, మురుకులు నిశ్చింతగా తీసుకుపోవచ్చు. ముందు క్యాబిన్‌లో ఇంటి డబ్బా తియ్యడం నామోషీ అని ఎవరో పుట్టించారు. నేనొప్పుకోను. వాళ్ల ట్రే సగం కడుపే నింపితే మిగతా సగం సర్వపిండి నింపుతుంది. సకినాల పొడి సీటు సందుల్లో పడకుండా గుడ్డ పరుచుకొని తింటే చాలు.

ఒక్కపొద్దు ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు టికెట్ తీసిన రోజే ప్రత్యేక భోజనం నమోదు చేసుకోవాలి. ఆలస్యమైనా విమానానికి 24 గంటల ముందైనా చెప్పాలి. పండ్ల పళ్లెం, షుగర్ భోజనం, జైన భోజనం అనే రకాలుంటాయి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర చెప్తే లాభం లేదు, అప్పటికే పెట్టెలు సర్దేసి ఉంటారు. ఆఖరి నిమిషంలో అప్‌గ్రేడ్ అయినవాళ్లు వెనక సీటుకు చెప్పిన భోజనం ముందుకు వస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు, ఎక్కగానే గుర్తుచెయ్యండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మందు చేతి సంచిలోనే, డాక్టర్ చీటీతో సహా ఉంచుకోవాలి. ట్రే మీ ముందుకు వచ్చిందాకా సూది వేసుకోవద్దు. కుదుపులొస్తే వడ్డన ఆపేస్తారు, అరగంట ఆగొచ్చు, ఒక్కోసారి అసలే రాకపోవచ్చు.

రాకపోవడం ఊహ కాదు. కరోనా తర్వాత 2020 మేలో విమానాలు మళ్లీ మొదలైనప్పుడు భోజనమే లేదు. 2021 ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా రెండు గంటలలోపు దారుల్లో వడ్డించకూడదని ప్రభుత్వమే ఆదేశించింది. ఆ నెలల్లో బెంగళూరుకు బిజినెస్ టికెట్ కొన్నవాళ్లు ఉత్తగా కూర్చుని దిగారు.

విమానం ఆలస్యమైతే మాత్రం అడగాల్సింది ఉంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం రెండున్నర గంటలలోపు ప్రయాణమున్న సర్వీసు రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే, వేళకు చెక్ఇన్ చేసినవాళ్లకు సంస్థ తిండి, చాయ్ ఏర్పాటు చెయ్యాలి. హైదరాబాద్, ఢిల్లీ దారి ఈ లెక్కలోకే వస్తుంది. అంతకన్నా పొడవు దారికి, ఐదు గంటల వరకు, మూడు గంటల ఆలస్యం దాటాలి. ఇది ముందు సీటువాడికీ వెనక సీటువాడికీ ఒకటే. గేటు దగ్గర ఎవరూ మీ దగ్గరికి వచ్చి చెప్పరు, కౌంటర్‌కు పోయి కూపన్ అడగాలి. బిజినెస్ టికెట్ కొన్నాక సంస్థే మిమ్మల్ని ఎకానమీలోకి మారిస్తే, 2023 ఫిబ్రవరి 15 నుంచి ఉన్న నిబంధన ప్రకారం పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం వెనక్కి రావాలి. అప్పుడు రెండు సమోసాలిచ్చి సముదాయిస్తే తీసుకోండి, తిని, ఆ తర్వాత డబ్బు కూడా అడగండి. అన్నంలో ఏదన్నా తేడా కనిపిస్తే అక్కడే ఫోటో తీసి, సిబ్బందికి చూపించి రాయించండి. ఇంటికొచ్చాక చెప్తే రుజువు ఉండదు. సంస్థ జవాబివ్వకపోతే పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవాలో ఫిర్యాదు పెట్టొచ్చు.

కొడుకు దగ్గరికి పోయినప్పుడు

డొమెస్టిక్ ఫస్ట్ క్లాస్ అనే పేరు నిజంగా చెల్లేది అమెరికాలో. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు తన మైళ్లతో అమ్మానాన్నలకు ముందు సీట్లు వేయించడం ఈమధ్య ఎక్కువైంది. అక్కడి లెక్క దూరాన్ని బట్టి. అమెరికన్, డెల్టా లాంటి పెద్ద సంస్థలు సుమారు 900 మైళ్లు దాటిన దారిలో, అదీ భోజనాల వేళ అయితేనే, వేడి భోజనం పెడతాయి. నెవార్క్ నుంచి డల్లాస్ దాదాపు 1,370 మైళ్లు, అన్నం వేళైతే ట్రే వస్తుంది. డల్లాస్ నుంచి అట్లాంటా 730 మైళ్లు, చిప్స్, బిస్కెట్లు, అరటిపండు ఉన్న బుట్ట చూపిస్తారు. డల్లాస్ నుంచి హ్యూస్టన్ అయితే గ్లాసు పట్టుకునేలోపే దిగుతారు. బుట్టలోంచి ఒకటే తియ్యాలని లేదు, రెండు మూడు తీసుకున్నా ఎవరూ చూడరు. మందు అక్కడ ఉచితం. బీపీ గోళీలు వేసుకునేవాళ్లు జ్యూస్‌తో సరిపెట్టుకోండి.

భోజనం ముందురోజే యాప్‌లో ఎంచుకోవాలి, లేకుంటే శాకాహారులకు మిగిలేది ఆకుల పళ్లెమే. ఆ పని కొడుకుతోనో కోడలితోనో చేయించి, ఏం పెట్టారో తెలుగులో కాగితం మీద రాయించుకొని జేబులో పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి పోయే పెద్ద విమానాలకు భోజనం చెప్పేటప్పుడు హిందూ మీల్ అని పెట్టొద్దు. అందులో గొడ్డు మాంసం ఉండదు గానీ కోడి, మేక, చేప ఉండొచ్చు. శాకాహారం కావాలంటే ఏషియన్ వెజిటేరియన్ అని పెట్టాలి, జాబితాలో దాని గుర్తు ఎవిఎంఎల్. అమెరికా లోపలి మెనూలో షార్ట్ రిబ్ అని ఉంటే అది గొడ్డు మాంసం, ఒట్టి సాసేజ్ అని ఉంటే చాలావరకు పంది. పేరు చూసి తెలియకపోతే "బీఫ్? పోర్క్?" అని ఒక్కో మాట అడిగితే చాలు, వాళ్లు తల ఊపి చెప్తారు.